ఈశాన్యం మూల ఫిల్టరు

పంపుల పనిలోకి కొత్తగా దిగిన పిల్లలు నా దగ్గరికి వస్తే ముందు అడిగేది ఒకటే, మీ సర్వీసు మొత్తంలో పెద్ద పని ఏది అని. చక్కెర మిల్లు బాయిలర్ పంపు గురించో, హార్బర్‌లో వరదనీళ్ళు తోడిన సంగతో చెబుతానని ఆశపడతారు. అవన్నీ చేశాను. కానీ ఇప్పటికీ నా బుర్రలో తిరిగేది మాత్రం ఒక ఇంటి తోటలోని చేపల కొలను. నవ్వుకుంటే నవ్వుకోండి. ఆ కొలను నన్ను పెట్టిన తిప్పలు ఏ మిల్లూ పెట్టలేదు.

పేర్లు చెప్పను. వాళ్ళలో కొందరు ఇంకా ఉన్నారు, లేనివాళ్ళకి పిల్లలున్నారు. ఒకాయన ఎవరో మాత్రం దాచినా దాగదు, ఎందుకంటే ఆయన మా ఆయన.

మాది గోదావరి జిల్లా. నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివి, పొలాల మోటార్లు బాగుచేసే షెడ్డులో పనిచేసేదాన్ని. మా ఆయన లెక్కల మాస్టారు. దక్షిణాఫ్రికాలో అందరూ ఓటేసిన ఎన్నికలై కొత్త ప్రభుత్వం వచ్చాక, అక్కడి బళ్ళకి లెక్కలు చెప్పేవాళ్ళు కావాలన్నారు. ఆయనకి డర్బన్‌లో ఉద్యోగమొచ్చింది. ఆయన వెనకాల నేనూ వెళ్ళాను గానీ, ఇంట్లో కూర్చుని ఆవకాయ జాడీలు తుడుచుకోవడానికి కాదు. గ్రే స్ట్రీట్ వెనక సందులో పంపుల షాపు ఒకటి కనిపిస్తే లోపలికి నడిచి, పని ఇస్తారా అని అడిగాను. యజమాని నా చేతులకేసి చూశాడు, బల్లమీద విప్పి పడేసిన పంపు ఒకటి నా ముందుకి తోశాడు. బిగించి ఇచ్చాను. ఆడమనిషి వస్తే ఇంటావిడలు భయం లేకుండా గేటు తీస్తారు, రేపట్నుంచి రా అన్నాడు. నా పనితనం కంటే ఆ గేటే ఆయనకి ముఖ్యమని అప్పుడే అర్థమైంది. సరే, గేటయితే గేటే అనుకున్నాను.

నాకు జోడీగా వేసిన ఫిట్టరు ఒక జులూ పెద్దాయన. నేను ఆయన్ని బాబా అనేదాన్ని. ఆయన నన్ను సిసి అనేవాడు, అంటే వాళ్ళ భాషలో చెల్లెమ్మ. మంచి పనివాడే గానీ ఒక పిచ్చి ఉండేది. ఏ గొట్టం మూసుకుపోయినా అందులో కప్ప ఉందని పందెం కాసేవాడు. ఎప్పుడో కుర్రతనంలో ఒకసారి నిజంగానే దొరికిందట. అప్పట్నుంచీ ప్రతి గొట్టంలోనూ దాని చుట్టాలే.

అలా ఒకరోజు మమ్మల్ని బ్లఫ్‌కి పంపించారు. బ్లఫ్ అంటే సముద్రం పక్కన పొడుగాటి ఇసుక గుట్ట. దాని కిందే మెరీబ్యాంక్, మనవాళ్ళ పేట, రిఫైనరీల మధ్యలో. మెరీబ్యాంక్‌లో ఉతికిన బట్టలు ఆరేస్తే మసి పడుతుంది, బ్లఫ్ మీద ఆరేస్తే సముద్రపు గాలి తగులుతుంది. కానీ ఆ గుట్ట మీద తెల్లవాళ్ళు తప్ప ఎవరూ ఉండకూడదని చాలాకాలం చట్టం ఉండేది. ఆ చట్టం పోయాక మెరీబ్యాంక్ నుంచి ఒక తెలుగు కుటుంబం అక్కడ ఇల్లు కొనుక్కుంది. ఆ వీధిలో మనవాళ్ళలో వాళ్ళే మొదటివాళ్ళు. ఇంటి పెద్ద ఒక విధవరాలు, బట్టల ఫ్యాక్టరీలో మిషన్ కుట్టి రిటైరైన మనిషి. ఆవిడ తాతలు చెరకు తోటల్లో కూలికి వచ్చినవాళ్ళు. ఆవిడ తెలుగు ముక్కలు ముక్కలుగా వచ్చేది, కానీ ఆ ముక్కలు మా అమ్మమ్మ వాడిన మాటలే. మొదటి పూటే నేను ఆవిడని పెద్దమ్మా అని పిలిచేశాను.

ఆ ఇంటితో పాటే కొలనూ వచ్చింది. అమ్మినావిడ తెల్లావిడ, భర్త పోయిన ముసలావిడ. ఆ భర్త తన చేత్తో తవ్వి కట్టిన కొలను అది, అందులో కోయి చేపలు పెంచాడు. కోయి అంటే మూరెడు పొడుగు జపాను చేపలు, ఎరుపూ తెలుపూ బంగారు రంగూ. తినడానికి కాదు, చూసుకోవడానికి. మెరీబ్యాంక్ చుట్టాలు వచ్చినప్పుడల్లా పులుసు ఎప్పుడు పెడతావని పెద్దమ్మని ఏడిపించేవారట. తాళాలు చేతికిచ్చేటప్పుడు ఆ ముసలావిడ ఒకే ఒక్కటి అడిగిందట, ఈ చేపల్ని చావనివ్వొద్దు అని. పెద్దమ్మ మాటిచ్చింది. ఆవిడ మాటివ్వడమంటే మామూలు విషయం కాదు, ఇచ్చాక ఇక నిద్రపట్టని రకం.

ఇప్పుడు నీళ్ళు సరిగ్గా తిరగడం లేదు. అందుకు మమ్మల్ని పిలిచింది.

పని మీకు అర్థం కావాలంటే ఇంత తెలిస్తే చాలు. కొలను అడుగున ఒక కన్నం ఉంటుంది. అందులోంచి నీళ్ళు భూమిలో వేసిన గొట్టం గుండా తమంతట తామే వెళ్ళి, పక్కనున్న ఫిల్టరు తొట్టిలోకి చేరతాయి. అక్కడ బ్రష్షులు, స్పాంజి పరుపులు మురికిని పట్టేస్తాయి. తేరిన నీళ్ళని తొట్టి చివరనున్న పంపు పైకి తోసి, చిన్న జలపాతంలాగా మళ్ళీ కొలనులో పోస్తుంది. నీళ్ళు అలా తిరిగినంతసేపే చేపలకి ఊపిరి. మేం వెళ్ళేసరికి ఆ జలపాతం చెంబుతో పోస్తున్నట్టు సన్నగా కారుతోంది. చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. 

పరుపులు కడిగాం. పంపు విప్పి చూశాం, దానికి ఏ రోగమూ లేదు. బాబా కప్ప అన్నాడు. నేను పంపు చిన్నదైపోయిందన్నాను. పొలాల మోటార్ల దగ్గర పెరిగినదాన్ని కదా, నీళ్ళు రాకపోతే ఇంకా పెద్ద మోటారు బిగించడమే మాకు తెలిసిన మందు. షాపు నుంచి పెద్ద పంపు తెచ్చి పెట్టాను. కాసేపు జలపాతం దర్జాగా దూకింది. పెద్దమ్మ నాకు పళ్ళెం నిండా వడలు పెట్టింది. నేను తిన్నాను కూడా. వడలు అరిగేలోపే పంపు గొళ్ళుగొళ్ళుమంటూ గాలి మింగడం మొదలెట్టింది. మునుపటి కంటే తక్కువ నీళ్ళు. బాబా గొట్టంకేసి చూపించి కప్పలా బుగ్గలు పొంగించాడు.

రెండు రోజులాగి పెద్దమ్మ షాపుకి ఫోన్ చేసింది. తెల్లటి చేప, నెత్తిన ఎర్రబొట్టు ఉన్నది, పొద్దున్నే పక్కకి ఒరిగి తేలిందట. పోయిన ఆ ముసలాయనకి అదంటే ప్రాణమట. పెద్దమ్మ దాన్ని కొత్త తెల్లగుడ్డలో చుట్టి, తోట చివర చెట్టు కింద పాతిపెట్టింది. చెబుతూ చెబుతూ ఏడ్చింది. ఏడుస్తూనే అసలు సంగతి చెప్పింది. ఆ ముసలావిడ వచ్చే ఆదివారం వస్తోంది. ఇల్లమ్మాక వృద్ధాశ్రమంలో ఉంది, ఇప్పుడు కూతురు ఆవిడని ఆస్ట్రేలియాకి తీసుకెళుతోంది, ఇక ఉండటం అక్కడే. విమానం ఎక్కేముందు ఒకసారి చేపల్ని చూడాలందట. గోడవతల వాళ్ళంతా మమ్మల్నే చూస్తున్నారమ్మా, ఇల్లు కొన్నారు గానీ నడపడం చేతకాలేదంటారు అని పెద్దమ్మ బాధ. ఆ మాట విన్నాక ఇది ఒట్టి పంపు పని కాదని నాకు తెలిసిపోయింది.

మా యజమాని మాత్రం వదిలెయ్యమన్నాడు. తోట కొలనుల పని మనది కాదు, ఇంకెవరినైనా చూసుకోమను అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నా చేత్తో పెట్టిన పంపు గాలి మింగుతుంటే, చూసి ఎలా వదిలేస్తాను? నేను వదలను, మీరు జీతం కోసుకున్నా వదలను అని చెప్పి, బాబాని తీసుకుని మళ్ళీ బ్లఫ్ ఎక్కాను.

ఈసారి తొందరపడలేదు. తొట్టి గట్టు మీద కూర్చుని చూశాను. పంపు ఆపితే తొట్టిలో నీళ్ళు కొలను మట్టానికే వచ్చి నిలబడుతున్నాయి. పంపు వేస్తే జానెడు కిందికి దిగిపోయి అక్కడే ఉంటున్నాయి. పరుపులన్నీ తీసేసి వేసినా అంతే. అంటే పంపు అడిగినంత నీటిని కొలను ఇవ్వలేకపోతోంది. జబ్బు పంపులోనూ లేదు, తొట్టిలోనూ లేదు, ఈ రెంటికీ ముందున్న భూమిలోని గొట్టంలో ఉంది. ఇంత చిన్న విషయం మొదటి రోజే చూడాల్సింది. పిల్లలూ, ఇది రాసి పెట్టుకోండి. నీళ్ళు రావడం లేదంటే పంపుని తిట్టే ముందు, పంపుకి నీళ్ళు అందుతున్నాయో లేదో చూడండి.

గొట్టం ఎటు పోతోందని పెద్దమ్మని అడిగాను. తిన్నగానే పోతోందంది, మొదట్నుంచీ ఉన్నట్టే అంది. అంటూ చీర కొంగు సర్దుకుంది. తొట్టి వైపునుంచి ఉక్కు తీగ లోపలికి దూర్చాను. కొంతదూరం పోయి ఠక్కున ఆగింది. తిన్నటి గొట్టంలో తీగ ఎందుకు ఆగుతుంది? బాబా ముఖం వెలిగిపోయింది, కప్ప అన్నాడు. నేను తోటంతా తిరిగాను. కొలనుకీ తొట్టికీ మధ్య పచ్చికలో ఒక చార లేతగా ఉంది. ఆ చార తిన్నగా లేదు. మధ్యలో ఉన్న తులసికోట దగ్గరికి వచ్చి, దాని చుట్టూ వంకర తిరిగి, మళ్ళీ ఇటు వచ్చింది. ఆ తులసికోట సిమెంటు ఇంకా కొత్తది. అప్పుడు తొట్టి ఇటుకలకేసి చూశాను. అవీ కొత్తవే. నాకు అప్పటిదాకా ఎందుకు కనబడలేదో మరి.

"పెద్దమ్మా, ఈ ఫిల్టరు ఇదివరకు ఎక్కడుండేది?" అన్నాను.

ఆవిడ మళ్ళీ కొంగు సర్దుకుంది. లోపల్నుంచి ఆవిడ కోడలు వచ్చింది. అయిదో నెల కడుపు, మెల్లగా మెట్లు దిగింది. గేటు పక్కనున్న మూలకేసి చెయ్యి చూపించింది. అక్కడ మల్లెపాదు వేసి ఉంది. అది ఈశాన్యం మూల అంది.

ఆ మాట ఇంగ్లీషు మాటల మధ్యన అచ్చంగా మన తెలుగులో ఆ పిల్ల నోట వినగానే నాకు అనుమానం తగిలింది. ఎందుకంటే ఆ దేశంలో ఈ మాట పలికే మనిషి నాకు ఒక్కరే తెలుసు. చెరకు తోటల దగ్గర వరస గదుల బారకాసుల్లో బతికిన కూలీల మనవరాళ్ళకి వాస్తు ఎక్కడిది? దొర తలుపు ఎటు పెడితే అటే కదా వాళ్ళ సింహద్వారం. మన దగ్గరే ఆ రోజుల్లో వాస్తు పిచ్చి ముదిరి, మెట్లు పడగొట్టి, వాకిళ్ళు మూసి, బాత్రూములు పీకి మళ్ళీ కట్టుకుంటున్నారు. ఆ పిచ్చిని పెట్టెలో పెట్టుకుని విమానం ఎక్కిన మహానుభావుడు మా ఇంట్లోనే ఉన్నాడు.

మెల్లగా కూపీ లాగితే అంతా బయటికొచ్చింది. మెరీబ్యాంక్‌లో ఆదివారం భజన దగ్గర పెద్దమ్మ మా ఆయన్ని అడిగిందట, కొత్తిల్లు కొన్నాం మాస్టారూ, కోడలికి రెండుసార్లు కడుపు నిలవలేదు, ఇంట్లో దోషమేమైనా ఉందా అని. ఆయన ఇల్లు చూసి, ఈశాన్యంలో బరువు, పైగా మురికినీళ్ళు, అది తీసెయ్యండన్నాడు. వీళ్ళ అబ్బాయి, హార్బర్‌లో షిఫ్టు పని చేస్తాడు, స్నేహితుల్ని పోగేసి తొట్టిని ఈ చివరకి మార్చేశాడు. గొట్టం వేస్తుంటే తులసికోట పునాది అడ్డొచ్చింది. ఇంకా లోతుకి తవ్వే ఓపిక లేక గొట్టాన్ని పైకెత్తి, కోట చుట్టూ తిప్పి, మళ్ళీ కిందికి దించారు. ఇన్ని మలుపులూ ఒక మూపురమూ, ఆ మూపురంలో నెలల తరబడి కొంచెం కొంచెంగా గాలి చేరి కూర్చుంది. నీళ్ళు ఎలా వస్తాయి? కానీ మార్చిన కొన్నాళ్ళకే కోడలికి నెల తప్పింది. ఈసారి నిలబడింది.

"మరి నాకెందుకు చెప్పలేదు?" అని అడిగాను. గొంతు కాస్త లేచింది.

పెద్దమ్మ కళ్ళు దించుకుంది. "నీ మొగుడు మాట వల్ల చేపలు చస్తున్నై అని నీకు ఎలా చెప్పేది అమ్మా? ఆయన మాస్టరు, పెద్దోడు. నువ్వు ఇంటికి పోయి పోట్లాడతావ్. నువ్వు నాకు బిడ్డ లాగ."

నిజం చెబుతున్నాను, నన్ను ఎవరైనా చేతకానిదానివి అంటే ఇంత కోపం రాదు. షాపులో మగవాళ్ళు నేను బరువు ఎత్తబోతే వద్దు వద్దు నువ్వుండు అనేవారు. అదీ ప్రేమే, కాదనను. ఆ ప్రేమ వల్ల నాకు పని రాకుండా పోయేది. ఇక్కడా అదే. నా కాపురం చల్లగా ఉండాలని వీళ్ళంతా నోరు కుట్టేసుకుని, నన్ను పనికిరాని పంపు చుట్టూ గానుగెద్దులా తిప్పారు. నా ఇంటి గొడవ నేను చూసుకుంటాను పెద్దమ్మా, మీరు నాకు గొట్టం సంగతి చెబితే చాలు అన్నాను. అని, ఇంటికి పోయి గొడవ పడ్డాను.

ఆ గొడవ అంతా రాయను, మా పిల్లలు కూడా చదువుతారు. ఒక్క ముక్క చెబుతాను. మా ఆయన శాస్త్రం, శాస్త్రం అంటుంటే, ఆయన్ని చెయ్యి పట్టుకుని బాల్కనీలోకి లాక్కుపోయాను. ఈ దేశంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఉత్తరం వైపు ఉంటాడు, మన ఊళ్ళోలాగా దక్షిణం వైపు కాదు, మీ పుస్తకం రాసినాయన ఇక్కడికొచ్చి చూశాడా, మీ ఈశాన్యం ఇక్కడ ఏ మూల అవుతుందో ముందు తేల్చండి అన్నాను. లెక్కల మాస్టారు ఆకాశంకేసి చూశారు. తర్వాత చిన్న గొంతుతో, అది ఆలోచించలేదు అన్నారు. అంతటితో ఆయన్ని వదిలేశాను. శనివారం పాత బట్టలు వేసుకుని రండి అని మాత్రం చెప్పాను.

మర్నాడు యజమానితో చెబితే, ఇంకేం, ఫిల్టరుని పాత మూలకే మార్చేసి గొట్టం తిన్నగా వేసెయ్, ఒక్కరోజు పని అన్నాడు. నిజమే, అదే సుళువు. ఆ మాటే బ్లఫ్‌కి వెళ్ళి పెద్దమ్మకి చెప్పాను. ఆవిడ చేపల్ని చూసింది, తర్వాత కోడలి కడుపుని చూసింది. "మార్చెయ్ అమ్మా," అంది. "మాటిచ్చాను ఆమెకి." కోడలు రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. 

సూర్యుడి సంగతి ఆ పిల్లకీ చెప్పి వాదించి ఉండొచ్చు. వాదనలో గెలిచేదాన్ని కూడా. గెలిచి ఏం చేసుకోను? రెండుసార్లు పోగొట్టుకున్న పిల్లకి ఈ మిగతా నెలలన్నీ నిద్ర లేకుండా చేసేదాన్ని. ఒకావిడకిచ్చిన మాట నిలవాలి, ఈ పిల్ల ధైర్యమూ నిలవాలి. రెండూ నిలబెట్టలేకపోతే నేను నేర్చుకున్న పని దేనికి?

"ఫిల్టరు కదలదు, తులసికోటా కదలదు," అన్నాను. "గొట్టమే కదులుతుంది."

బాబా నాకేసి చూశాడు. కోట కింద నుంచా అని అడిగాడు. కోట కింద నుంచే అన్నాను. ఇసుక నేల సిసి, తవ్వితే కూలుతుంది, కోట పడుతుంది అన్నాడు. పడనివ్వను అన్నాను. ఎలాగో అప్పటికి నాకూ తెలియదు.

ఆలోచిస్తే దారి దొరికింది. కోట కింద తవ్వకూడదు, నీటితో తొలవాలి. సన్నటి ఇనప గొట్టానికి తోట పైపు తగిలించి, నీళ్ళు జోరుగా వదిలి ముందుకి తోస్తే ఇసుక తనే కరిగి దారి ఇస్తుంది. దాని వెనకే లావుపాటి కొత్త గొట్టాన్ని తోసుకుంటూ పోతే ఖాళీ అన్నదే ఉండదు, పైన నేల కూలదు. అటూ ఇటూ గుంటలు తీసి, కోటకి దుంగలు ఆనించి పెట్టాలి. శనివారం తెల్లారుతూనే మొదలుపెట్టాం. అబ్బాయికి షిఫ్టు తప్పలేదు. అందుకని పార పట్టింది నేనూ, బాబా, లెక్కల మాస్టారూ. ఆయన చేతులు గంటలో బొబ్బలెక్కాయి. ఒక్క మాటైనా పైకి అనలేదు, ఆ మాత్రం మర్యాద తెలిసినవాడే. కోడలు, పెద్దమ్మ వంతులేసుకుని పూలమొక్కలకి పోసే డబ్బాలతో కొలను నీటినే ముంచి పైనుంచి ధారగా పోస్తూ చేపలకి ఊపిరి అందిస్తున్నారు.

సగం దూరం బాగానే పోయింది. కోట పునాది కిందికి వచ్చాక ఇసుక ఒక్కసారి జారింది. కోట నా కళ్ళముందే కొంచెం ఒరిగింది, అంగుళం ఉంటుందేమో. పెద్దమ్మ చేతిలో డబ్బా ఆగిపోయింది. గోవిందా గోవిందా అని పెదాలు కదులుతున్నాయి. మా ఆయన గుంటలోకి దూకి, జారిన దుంగకి భుజం ఆనించి నిలబడ్డారు. మోకాళ్ళ దాకా బురద. కదలకండి అని అరిచాను. కదలడం లేదు, నువ్వు కానీ అన్నారాయన. నీళ్ళు ఆపలేదు నేను. ఆపితే ఇసుక గొట్టాన్ని పట్టేస్తుంది, ఇక ముందుకీ రాదు వెనక్కీ పోదు. బాబా, నేనూ కలిసి తోశాం. ఇంకాస్త, ఇంకాస్త అంటూ తోశాం. అవతలి గుంటలో ముందు బురదనీళ్ళు పొంగాయి, తర్వాత గొట్టం మూతి బయటికొచ్చింది.

కోట నిలబడింది. తులసి ఆకు ఒక్కటి రాలలేదు.

పాత వంకర గొట్టాన్ని పీకి పడేస్తుంటే అవతలి గుంటలోంచి ఒక లావుపాటి కప్ప ఎగిరి బాబా బూటు మీద కూర్చుంది. ఆయన నవ్విన నవ్వుకి గోడవతలి ఇంటాయన తొంగిచూశాడు. చెప్పానా సిసి అన్నాడు బాబా. అది గొట్టంలోంచి రాలేదు బాబా, గుంటలో దూకింది అని ఎంత చెప్పినా వినలేదు. రిటైరయ్యే దాకా షాపులో ఆ కప్ప వల్లే కొలను మూసుకుపోయిందని చెప్పుకున్నాడు. అబద్ధమని నేనూ అనలేదు.

కొత్త గొట్టం కొసలు కొలనుకీ తొట్టికీ కలిపి, పెద్ద పంపు తీసేసి మళ్ళీ పాత చిన్న పంపే బిగించాను. వేశాను. గొట్టం రెండుసార్లు తేన్చింది, గాలంతా బయటికి పోయింది. తొట్టిలో నీళ్ళు రెండువేళ్ళు దిగి అక్కడ నిలిచాయి. ఇంక దిగలేదు. జలపాతం చప్పుడు మొదలైంది. నేను వెంటనే నమ్మలేదు. ఎందుకైనా మంచిదని పంపు వాల్వుని కొంచెం మూసి ఉంచాను. సాయంత్రానికి చేపలు అడుగుకి దిగి తిరగసాగాయి. పెద్దమ్మ మా ఆయన చేతులకి వెన్న రాసింది. నాకు మళ్ళీ వడలు.

ఆదివారం నన్నూ ఉండమంది, ఆవిడ ఉన్నప్పుడు ఆగిపోతే ఎలా అని. ఉన్నాను. పొద్దున్నే వంటింట్లో ముగ్గురం కూర్చుని ఎర్రబొట్టు చేప సంగతి మాట్లాడుకున్నాం. ఆవిడ అడిగితే, రాళ్ళ కింద దాక్కుని ఉంటుంది, బయటికి రాదు అని చెబుదామంది కోడలు. దూరం వెళ్ళిపోయే మనిషి, ఎందుకు బాధపెట్టడం అంది. నేనూ సరేనన్నాను. చూశారా. నా దగ్గర దాచారని అంత ఎగిరిన దాన్ని, ఆవిడ దగ్గర దాచిపెడదామంటే ఇట్టే తలూపాను.

ఆవిడ కూతురి కారులో వచ్చింది. చేతికర్ర పట్టుకున్న సన్నటి మనిషి. కూతురు కారు దగ్గరే నిలబడి ఎవరితోనో విమానం టికెట్ల గురించి ఫోన్లో మాట్లాడుతోంది. ముసలావిడ గేటు లోపలికి వచ్చి, ముందు పాత మూలకేసి చూసింది. ఫిల్టరు ఉండాల్సినచోట మల్లెపాదు. తర్వాత నీళ్ళ చప్పుడు విని అటు నడిచింది. కొలను గట్టున వంగి చేపల్ని ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పిలిచింది. అవి పిలుపుకే వచ్చాయో, తిండి కోసం వచ్చాయో మరి, వచ్చాయి. నవ్వింది. తర్వాత వెతకడం మొదలెట్టింది.

"ఎర్రటోపీ వాడు ఏడీ?" అంది.

కోడలు నోరు తెరిచింది. నేను చేపలకేసి చూస్తున్నాను. అప్పుడు పెద్దమ్మ మాట్లాడింది, తన ఇంగ్లీషులో, మెల్లగా.

"పోయాడమ్మా. తప్పు మాదే. మేం గొట్టం మార్చాం, నీళ్ళు అందలేదు. అదిగో ఆ చెట్టు కింద పెట్టాను. నీకు మాటిచ్చాను, నిలబెట్టలేకపోయాను."

ఆవిడ ఆ చెట్టుకేసి చూసింది.  ఇక తిడుతుందేమో, ఏడుస్తుందేమో అనుకున్నాం. ఆవిడే వంగి పెద్దమ్మ చెయ్యి పట్టుకుంది.

"నాకు నిజం చెప్పింది నువ్వొక్కదానివే," అంది. "మా అమ్మాయి సెలవులకి తీసుకెళుతున్నానంటోంది. మళ్ళీ వద్దాం, చేపల్ని చూద్దాం అంటోంది. నేనూ తలూపుతున్నాను."

 కోడలు లోపలికి పోయి కుర్చీ తెచ్చి గట్టున వేసింది. పెద్దమ్మ ఆవిడని కూర్చోబెట్టి, పక్కనే కింద కూర్చుంది. కారు దగ్గర్నుంచి కూతురు టైమవుతోందని పిలిచింది. ఇంకాసేపు అంది ముసలావిడ.

నేను తొట్టి దగ్గరికి వెళ్ళి, ముందురోజు కొంచెం మూసి ఉంచిన వాల్వు పూర్తిగా తెరిచాను.